పరాయి నేలపై సాఫ్ట్‌వేర్ మేడ

కంప్యూటర్‌లో స్వతంత్రంగా నడిచే ప్రోగ్రామ్‌ల హంగులన్నింటినీ బ్రౌజర్‌లోకి తేవాలని, అయినా వినియోగదారుని భద్రతకు భంగం కలగరాదని సంకల్పించి మైక్రోసాఫ్ట్ సంస్థ చేపట్టిన ఒక భారీ ప్రయత్నం 14 ఏళ్ళకు ముగిసింది. 2007లో విడుదలైన ‘సిల్వర్‌లైట్’కు ఆ సంస్థ 2021 అక్టోబర్ 12తో మద్దతు ఉపసంహరించుకుంది. సాంకేతికంగా అది తక్కువ స్థాయి ప్రయత్నం కాదు. అయితే అది నిలబడిన నేల దానిది కాదు. ప్రభుత్వ సేవలన్నీ ఒకటొకటిగా బ్రౌజర్‌లోకి చేరుతున్న మన దేశానికి ఈ ఉదంతంలో నేర్చుకోవలసిన పాఠం ఉంది.

డెస్క్‌టాప్ నుంచి బ్రౌజర్‌కు

బటన్లు, పట్టికలు, బొమ్మలు, లెక్కలు వంటి వాటిని ప్రోగ్రామర్ ప్రతిసారీ కొత్తగా తయారు చేసుకోనవసరం లేకుండా ముందుగానే సమకూర్చి పెట్టే చట్రాన్ని ‘ఫ్రేమ్‌వర్క్’ అంటారు. 2002లో మైక్రోసాఫ్ట్ విడుదల చేసిన ‘డాట్‌నెట్’ అటువంటిదే. 2006 నవంబర్‌లో దానికి ‘విండోస్ ప్రెజెంటేషన్ ఫౌండేషన్’ తోడైంది. తెర మీద ఏది ఎలా కనిపించాలో ‘జామెల్’ అనే భాషలో విడిగా రాసుకొనే వీలు కల్పించడం దీని ప్రత్యేకత. చిత్రకారుడు తెర రూపాన్ని, ప్రోగ్రామర్ దాని వెనుక జరిగే పనిని వేర్వేరుగా తీర్చిదిద్దవచ్చు.

ఇదే చట్రంతో తయారైన ప్రోగ్రామ్‌లను బ్రౌజర్‌లో నడిపే ఏర్పాటు కూడా మైక్రోసాఫ్ట్ చేసింది. కాని దానికి డాట్‌నెట్ యావత్తూ కంప్యూటర్‌లో ముందే ఉండాలి. పైగా అది విండోస్ కంప్యూటర్లకే పరిమితం. ఇతర కంప్యూటర్లు వాడేవారికి ప్రవేశమే లేదు. ప్రపంచమంతటికీ తెరిచి ఉండవలసిన వెబ్‌కు ఈ పద్ధతి సరిపడదని త్వరలోనే తేలిపోయింది.

అందువల్ల చట్రాన్ని కుదించే పని మొదలైంది. తొలి సిల్వర్‌లైట్ 2007 సెప్టెంబర్‌లో వచ్చినా, అసలైన మార్పు 2008 అక్టోబర్‌లో వచ్చిన రెండవ కూర్పుతోనే సాధ్యమైంది. డాట్‌నెట్‌లో అత్యవసరమైన భాగాలను మాత్రమే ఏరి, సుమారు 5 మెగాబైట్ల ప్లగిన్‌గా మలిచారు. విండోస్‌తో పాటు మాకింటోష్ కంప్యూటర్లలోనూ అది పనిచేసింది. డెస్క్‌టాప్ ప్రోగ్రామ్‌లు రాయడంలో చేయి తిరిగినవారు తమకు తెలిసిన భాషలోనే బ్రౌజర్‌కు ప్రోగ్రామ్‌లు రాయగలిగారు. ఆ ఏడాది బీజింగ్ ఒలింపిక్స్ వీడియోలను అమెరికాలో ఎన్‌బీసీ సంస్థ తన వెబ్‌సైట్‌లో సిల్వర్‌లైట్ ద్వారానే చూపింది. నెట్‌ఫ్లిక్స్ కూడా తన చిత్రాల ప్రసారానికి దానినే ఎంచుకుంది.

మూడంచెల కట్టడి

డెస్క్‌టాప్ ప్రోగ్రామ్‌ను మనం ఎరిగి, నమ్మి అమర్చుకుంటాం. బ్రౌజర్‌లోకి వచ్చే ప్రోగ్రామ్ అలా కాదు. ఏదో ఒక పేజీ తెరిచిన క్షణంలో అది అపరిచితునిలా ప్రవేశిస్తుంది. దానికి మన ఫైళ్ళు అప్పగించడమంటే తాళంచెవి అప్పగించడమే.

సిల్వర్‌లైట్ రూపకర్తలు దీనికి మూడంచెల ఏర్పాటు చేశారు. తహసీల్దారు కార్యాలయంలో అర్జీదారు నేరుగా రికార్డు గదిలోకి పోలేడు. గుమాస్తా అర్జీని పరిశీలించి, సబబని తోస్తే నకలు తెచ్చి ఇస్తాడు. ఇక్కడా అంతే. బయటివారు రాసిన ప్రోగ్రామ్ యావత్తూ అర్జీదారు స్థానంలో ఉంటుంది. కంప్యూటర్ లోపలి వనరులను తాకగల అధికారం మైక్రోసాఫ్ట్ స్వయంగా రాసిన భాగాలకే పరిమితం. ఈ రెండింటి నడుమ ప్రతి కోరికనూ తనిఖీ చేసే ద్వారపాలక అంచె ఒకటి ఉంటుంది.

ఆచరణలో దీని ఫలితాలు స్పష్టంగా కనిపించేవి. వినియోగదారుడు తానే ఎంచి ఇస్తే తప్ప ప్రోగ్రామ్ ఏ ఫైలునూ తెరవలేదు. సమాచారం దాచుకోవడానికి దానికి మొదట దక్కే చోటు ఒక్క మెగాబైటు మాత్రమే. అంతకు మించి కావాలంటే అనుమతి అడగాలి. వేరొక సర్వర్‌తో మాట్లాడాలన్నా, అందుకు అంగీకరిస్తున్నట్లు తెలిపే పత్రం ఆ సర్వర్‌లో ఉండాలి.

అయినా ఈ గోడకు బీటలు పడలేదని చెప్పలేం. 2013లో బయటపడిన ఒక లోపాన్ని, సవరణ విడుదలైన తరువాత కూడా పాత ప్రతిని మార్చుకోనివారి కంప్యూటర్లపై నేరగాళ్ళు ప్రయోగించారు. ఎంత పటిష్టమైన కట్టడి అయినా ఎప్పటికప్పుడు మరమ్మతు కోరుతుందనడానికి ఇదే నిదర్శనం.

కదిలిన నేల

సిల్వర్‌లైట్‌కు అసలు దెబ్బ మరోవైపు నుంచి తగిలింది. ప్లగిన్ అంటే బ్రౌజర్‌కు అతికించే అదనపు భాగం. దాన్ని ఉండనివ్వాలో వద్దో నిర్ణయించేది బ్రౌజర్ యజమానే. 2007లో వచ్చిన ఐఫోన్ బ్రౌజర్‌లో ఇటువంటి ప్లగిన్లకు చోటు దక్కలేదు. మరోవైపు వీడియోలు, బొమ్మలు నేరుగా బ్రౌజర్‌లోనే చూపగల ‘హెచ్‌టీఎంఎల్-5’ ప్రమాణం బలం పుంజుకుంది. 2010 అక్టోబర్‌లోనే తమ వ్యూహం మారిందని మైక్రోసాఫ్ట్ ఉన్నతాధికారి బాబ్ మగ్లియా వెల్లడించారు. 2011 డిసెంబర్‌లో వచ్చిన అయిదవ కూర్పే చివరిదైంది.

ఆ తరువాత తలుపులు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. 2015 సెప్టెంబర్‌లో క్రోమ్, 2017 మార్చిలో ఫైర్‌ఫాక్స్ దాన్ని నడపడం మానేశాయి. జావా ఆప్లెట్లదీ అదే గతి. ఫ్లాష్ 2020తో ముగిసింది. సిల్వర్‌లైట్‌ను నమ్ముకుని ప్రోగ్రామ్‌లు రాయించుకున్న సంస్థలు మళ్ళీ మొదటి నుంచి ఖర్చు పెట్టవలసి వచ్చింది.

అదే కోరిక, కొత్త దారి

డెస్క్‌టాప్ చట్రాన్ని బ్రౌజర్‌లోకి తేవాలన్న కోరిక మాత్రం అంతరించలేదు. హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన సత్య నాదెళ్ల 2014 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ పగ్గాలు చేపట్టిన తరువాత, అదే ఏడాది నవంబర్‌లో డాట్‌నెట్ మూలాన్ని అందరికీ బహిరంగం చేస్తున్నట్లు సంస్థ ప్రకటించింది. 2020 మేలో ‘బ్లేజర్ వెబ్ అసెంబ్లీ’ విడుదలైంది. దీనితో డాట్‌నెట్ ప్రోగ్రామ్‌లు ప్లగిన్ అవసరం లేకుండా బ్రౌజర్‌లో నడుస్తున్నాయి.

రెంటికీ ఉన్న తేడా ఇక్కడే గ్రహించాలి. వెబ్ అసెంబ్లీ ఏ ఒక్క సంస్థ సొత్తూ కాదు. 2017 నాటికే నాలుగు ప్రధాన బ్రౌజర్లు దాన్ని స్వీకరించాయి. 2019 డిసెంబర్‌లో వెబ్ ప్రమాణాల సంస్థ ఆమోదించింది. అందులో ప్రోగ్రామ్‌కు తనకు కేటాయించిన జ్ఞాపకశక్తి తప్ప మరేదీ అందదు. భద్రతా గోడను కాపాడే బాధ్యత బ్రౌజర్‌దే. అయితే చట్రం భాగాలను మొదటిసారి దింపుకొనే భారం నేటికీ ఉంది. నెమ్మదైన ఫోన్ కనెక్షన్లున్న చోట ఇది చిన్న ఇబ్బంది కాదు.

మన దేశానికి వర్తించేదేమిటి?

2000 నాటి సమాచార సాంకేతిక చట్టం డిజిటల్ సంతకానికి గుర్తింపునిచ్చింది. ఆ సంతకపు తాళంచెవి సాధారణంగా యూఎస్‌బీ టోకెన్‌లో ఉంటుంది. బ్రౌజర్ గోడ లోపలి పేజీ ఆ టోకెన్‌ను నేరుగా తాకలేదు. కంపెనీ వ్యవహారాల శాఖవంటి ప్రభుత్వ వెబ్‌సైట్లలో చాలాకాలం జావా ఆప్లెట్లే ఆ వంతెనగా పనిచేశాయి. బ్రౌజర్లు వాటిని తొలగించాక, కంప్యూటర్‌లో విడిగా అమర్చుకొనే చిన్న ప్రోగ్రామ్‌లు ఆ స్థానంలోకి వచ్చాయి. జీఎస్టీ పోర్టల్‌లో డిజిటల్ సంతకం చేసేవారికి ‘ఎమ్‌సైనర్’ అవసరమవుతున్నది ఇందుకే. గడువు చివరి రోజున అది మొరాయిస్తే నష్టపోయేది రిటర్ను వేయవలసిన వ్యాపారే.

బ్రౌజర్ గోడను తప్పుపట్టలేం. అది లేకుంటే ఆ టోకెన్‌కే రక్షణ ఉండదు. తప్పు ఎక్కడున్నదంటే, పదేళ్ళు నడవవలసిన ప్రజాసేవను ఏ క్షణంలోనైనా తొలగించగల అతుకు మీద నిలపడంలో ఉంది. సాఫ్ట్‌వేర్ టెండర్లు పిలిచే శాఖలు తెర అందాన్ని, ధరను మాత్రమే చూస్తే చాలదు. అది ఏ ప్రమాణం మీద నడుస్తుందో, ఆ ఆధారం పోతే మరోచోటికి మార్చే బాధ్యత ఎవరిదో ఒప్పందంలోనే రాయించుకోవాలి. లేనిపక్షంలో ప్రజాధనంతో ఒకే మేడను పదేపదే కట్టవలసి వస్తుంది.