చలి వంటగది: లెక్క గోడ దగ్గర మొదలు

బ్రిటన్‌లో విక్టోరియా కాలపు వరుస ఇళ్లు ఇప్పటికీ లక్షల్లో ఉన్నాయి. వాటిలో వంటగది చాలాచోట్ల ఇంటి వెనక పొడుచుకొచ్చిన గదే. మూడు పక్కలా బయటి గోడలు, అవీ తొమ్మిది అంగుళాల ఒట్టి ఇటుక గోడలు. జనవరిలో ముందు గదులు వెచ్చగా ఉన్నా ఇక్కడ కాళ్లు జిల్లుమంటాయి. పెద్ద రేడియేటర్ పెట్టిస్తే చాలనిపిస్తుంది. డబ్బు ఖర్చు పెట్టేముందు ఒక లెక్క చూసుకోవాలి.

గోడ వైశాల్యం, లోపలికీ బయటికీ ఉష్ణోగ్రత తేడా, గోడ యు-విలువ: ఈ మూడింటినీ గుణిస్తే ఎన్ని వాట్ల వేడి బయటికి పోతోందో తెలుస్తుంది. ఒక డిగ్రీ తేడా ఉన్నప్పుడు చదరపు మీటరు గోడ ఎన్ని వాట్లు వదిలేస్తుందో చెప్పేదే యు-విలువ. ఒట్టి ఇటుక గోడకు అది సుమారు 2.1. బయట సున్నా డిగ్రీలు, లోపల 20 డిగ్రీలు ఉంటే 20 చదరపు మీటర్ల గోడలోంచి 840 వాట్లు పోతాయి. పన్నెండు చదరపు మీటర్ల వంటగదిలో ఇన్సులేషన్ లేని కప్పు, నేల, కిటికీలు, సందుల్లోంచి దూరే చలిగాలి కూడా కలిపితే నష్టం 2,000 వాట్ల దాకా వస్తుంది.

అదే గోడకు లోపలివైపు మంచి ఇన్సులేషన్ వేసి యు-విలువను 0.3కి దించితే 840 వాట్లు 120 అవుతాయి. కప్పుకూ ఇన్సులేషన్ వేసి, గాలి దూరే సందులు మూస్తే గది మొత్తం నష్టం సుమారు 750 వాట్లకు తగ్గుతుంది.

సుఖం కూడా పెరుగుతుంది. గదిలో గాలి 20 డిగ్రీలున్నా ఒట్టి గోడ లోపలి ముఖం 14.5 డిగ్రీల దగ్గరే ఉంటుంది. మన ఒంటి వేడి ఆ చల్లని గోడకు వికిరణంగా పోతుంది కాబట్టే థర్మామీటర్ 20 చూపించినా చలేస్తుంది. ఇడ్లీపాత్ర ఆవిరితో తేమ 75 శాతానికి చేరితే, 15 డిగ్రీలకు అటూఇటూగానే నీటిబొట్లు కడతాయి. అంటే గోడ తడుస్తుంది, దానిమీద బూజు పడుతుంది. అక్కడ వండుకునే తెలుగువారు పొయ్యి మీద ఎగ్జాస్ట్ ఫ్యాన్ తప్పక వాడాలి. ఇన్సులేషన్ వెనక్కి తేమ చేరకుండా ఆవిరిని ఆపే పొర కూడా వేయించాలి.

హీటర్ ఎంపిక ఆ తర్వాతే. వంటగదిలో గోడలన్నీ అల్మారాలైతే రేడియేటర్‌కు చోటు దొరకదు. అలాంటిచోట అల్మారా అడుగున, కాలి వేళ్ల దగ్గర అమర్చే ప్లింత్ హీటర్ పనికొస్తుంది. బాయిలర్ వేడినీళ్లు పారే గొట్టాల మీదుగా చిన్న ఫ్యాన్ గాలిని తోస్తుంది. గది త్వరగా వేడెక్కుతుంది, కాస్త చప్పుడు మాత్రం ఉంటుంది. నేల కింద గొట్టాలు వేస్తే పాదాలకు హాయి. కానీ నేల 27 డిగ్రీలుంటే చదరపు మీటరుకు వచ్చేది సుమారు 75 వాట్లే. అల్మారాలు పోగా ఏడు చదరపు మీటర్లు మిగిలితే మొత్తం 525 వాట్లు. 2,000 వాట్లు పోయే గదికి అది ఏ మూలకీ చాలదు.

పాత రేడియేటర్ ఉంటే దాన్నీ తీసిపారేయనక్కర్లేదు. ముందు అందులో చిక్కుకున్న గాలిని వదిలి, వాల్వులు సరిచేసి చూడాలి. దానిమీద 1,500 వాట్లు అని రాసి ఉంటే, అది నీళ్లు గది కంటే సగటున 50 డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉన్నప్పటి లెక్క. తేడా 30 డిగ్రీలకు తగ్గితే వచ్చేది దాదాపు సగం, 770 వాట్లు. ఒట్టి గోడల గదికి అది చాలదు. 750 వాట్లే పోయే గదికి సరిపోతుంది.

అంత తక్కువ వేడి నీళ్లే సరిపోతే గ్యాస్ బాయిలర్ పొగలోని ఆవిరి నీరుగా మారి, దాని వేడి కూడా మనకు దక్కుతుంది. రేపు ఒక యూనిట్ కరెంటుకు సుమారు మూడు యూనిట్ల వేడినిచ్చే హీట్ పంప్‌కు మారడమూ తేలికవుతుంది. అందుకే వంటగది మరమ్మతులో మొదటి రూపాయైనా, పౌండైనా గోడకూ కప్పుకూ పెట్టాలి. వాటి పని పూర్తయ్యాకే ఎంత హీటర్ కావాలో తేల్చుకోవాలి.