నిద్ర లేవగానే తల వంచే పసిబిడ్డ

నాలుగైదు నెలల బిడ్డ ఉయ్యాలలో నిద్ర లేస్తుంది. లేచిన కాసేపటికే ఉన్నట్టుండి తల ముందుకు వాలుతుంది. రెండు చేతులూ పైకి లేచి చాచుకుంటాయి, మోకాళ్ళు పొట్టలోకి ముడుచుకుంటాయి. ఒకటి రెండు సెకన్లలో సర్దుకుంటుంది. కొన్ని సెకన్లకు మళ్ళీ అదే కుదుపు. అలా పది, ఇరవై, ఒక్కొక్కప్పుడు ఇంకా ఎక్కువ సార్లు వరుసగా వచ్చి ఆగిపోతాయి. ఆఖరున బిడ్డ ఏడుస్తుంది. నోట నురగ రాదు, ఒళ్ళు కొయ్యబారదు. అందుచేత ఇది ఫిట్స్ అని ఇంట్లో ఎవరికీ తోచదు. "ఉలిక్కిపడుతోందిలే" అంటుంది అమ్మమ్మ. "కడుపునొప్పి, వాము నీళ్ళు పట్టండి" అంటుంది పొరుగావిడ. పక్షిదోషమని తాయెత్తు కట్టించుకు రమ్మనేవారు మన విశ్వాస కుటుంబాలలో కూడా లేకపోలేదు.

ఇది మూర్ఛరోగమే. పసివారికి మాత్రమే వచ్చే ఒక ప్రత్యేకమైన మూర్ఛ. దీన్ని మొదట వివరంగా రాసిపెట్టినవాడు ఒక తండ్రి. ఇంగ్లండులోని టన్‌బ్రిడ్జి అనే ఊరిలో విలియం జేమ్స్ వెస్ట్ అనే వైద్యుడు ఉండేవాడు. ఆయన కుమారునికి నాలుగో నెలలో ఈ తల వంచడం మొదలైంది. అప్పటి పద్ధతి ప్రకారం జలగలు పట్టించారు, తలకు చల్లని కాపడం పెట్టారు, విరేచనాల మందు ఇచ్చారు, పళ్ళ చిగుళ్ళు కోశారు. ఏదీ పనిచేయలేదు. లండను తీసుకెళ్ళి పెద్ద డాక్టర్లకు చూపిస్తే, వారిలో ఒకాయన ఇటువంటి బిడ్డలను కొద్దిమందిని చూశానని చెప్పి, వంగి సలాం చేసినట్లుంటుంది గనుక సలాం మూర్ఛ అని పేరు పెట్టానన్నాడు. వెస్ట్ 1841లో లాన్సెట్ అనే వైద్య పత్రికకు ఉత్తరం రాసి, తన బిడ్డ స్థితిని పూసగుచ్చినట్లు వర్ణించి, తోటి వైద్యులెవరికైనా దారి తెలిస్తే చెప్పమని వేడుకున్నాడు. ఈ వ్యాధికి ఆయన పేరు మీదనే వెస్ట్ సిండ్రోమ్ అని పేరు నిలిచింది. ఆ తండ్రికి దొరకని మందు ఈనాడు మనకు దొరుకుతోంది. దొరకనిదల్లా సమయమే.

తల్లులు రెండు సంగతులు గమనించాలి. మామూలు ఉలికిపాటు ఏదైనా చప్పుడైనప్పుడు ఒక్కసారి వచ్చి పోతుంది, నాలుగైదు నెలలు నిండేసరికి మానుతుంది. ఈ కుదుపులు చప్పుడుతో పనిలేకుండా, ఎక్కువగా నిద్ర లేచే వేళ, వరుసలు వరుసలుగా వస్తాయి. రెండవది ఇంకా ముఖ్యం. అంతకుముందు తల్లిని చూసి నవ్విన బిడ్డ నవ్వు మానేస్తుంది. కళ్ళలోకి చూడదు. నిలబడుతున్న మెడ మళ్ళీ వాలిపోతుంది. ఇలా వెనకడుగు కనిపిస్తే ఒక్క రోజు కూడా ఆగకూడదని మేము గట్టిగా చెబుతున్నాం. డాక్టరు గదిలో ఆ సమయానికి కుదుపులు రాకపోవచ్చు. ఇప్పుడు ప్రతి ఇంట్లో సెల్‌ఫోన్ ఉంది కదా, కుదుపుల వరుసను వీడియో తీసి చూపించండి. "ఏదో అలా అలా చేస్తోందండీ" అని నోటితో చెప్పిన దానికంటే ఒక్క నిమిషం వీడియో ఎక్కువ చెబుతుంది.

పిల్లల డాక్టరు ఈఈజీ పరీక్ష రాస్తారు. తలకు తీగలు అంటించి మెదడులోని విద్యుత్తును కాగితం మీద గీసే పరీక్ష అది. నొప్పి ఉండదు. బిడ్డ నిద్రపోయినప్పుడు కూడా తీయడం మంచిది, ఎందుకంటే మెలకువలో కనబడని దోషం నిద్రలో బయటపడుతుంది. ఈ వ్యాధిలో ఆ గీతలు ఒక క్రమం లేకుండా చిందరవందరగా ఉంటాయి. ఆ తరువాత కారణం వెతకడానికి ఎం.ఆర్.ఐ. తీస్తారు.

కారణాలు అనేకం. మన దేశంలో కాన్పు వేళ బిడ్డకు ప్రాణవాయువు అందకపోవడం, పుట్టిన మొదటి రోజుల్లో రక్తంలో చక్కెర పడిపోవడం ముఖ్యమైనవి. వాటి సంగతి మరోసారి. ఈసారి, పుట్టకముందే మెదడు నిర్మాణంలో వచ్చే అరుదైన లోపాలను గూర్చి చెప్పదలచాం. ఆ తల్లులే అందరికంటే ఎక్కువ నిందలు పడుతున్నారు.

గర్భంలో మూడో నెల మొదలు ఆరో నెల వరకు శిశువు మెదడులో పెద్ద ప్రయాణమే సాగుతుంది. నాడీకణాలు మెదడు లోపలి భాగంలో పుట్టి, సన్నని తాళ్ళలాంటి పోగులు పట్టుకుని పైపొర వరకు ఎగబాకుతాయి. ముందు వచ్చినవి కింద ఆగితే, వెనుక వచ్చినవి వాటిని దాటుకుని పైకి వెళ్తాయి. ఇలా ఆరు వరుసలు కుదురుతాయి. తరువాత మెదడు పైభాగం అక్రోటు పప్పు మాదిరి మడతలు పడుతుంది. ఈ కణాల నడకకు కావలసిన జన్యువులలో ఒకటి చెడితే అవి దారి మధ్యలోనే ఆగిపోతాయి. మడతలు పడవు, మెదడు నున్నగా మిగిలిపోతుంది. దీనినే లిస్సెన్‌సెఫలీ అంటారు. నున్నని మెదడు అని అర్థం. దీనికి కారణమైన లిస్1 జన్యువును 17వ క్రోమోజోముపై 1993లో కనుగొన్నారు. డబుల్‌కార్టిన్ అనే మరొకదాన్ని ఎక్స్ క్రోమోజోముపై 1998లో గుర్తించారు.

మరొక వ్యాధి ట్యూబరస్ స్క్లిరోసిస్. ఇందులో మెదడులో అక్కడక్కడ గట్టి గడ్డలు ఏర్పడతాయి. ఇవి కాన్సరు గడ్డలు కావు. సుమారు 6,000 కాన్పులలో ఒక బిడ్డకు వస్తుందని లెక్క. దీన్ని చర్మం మీదే పసిగట్టవచ్చు. బిడ్డ వీపున, పొట్టపై, కాళ్ళపై ఆకు ఆకారంలో తెల్లని మచ్చలుంటాయి. మన చాయలో అవి బాగానే కనబడతాయి. బొల్లి అనో, కుష్ఠు అనో భయపడి బట్ట కప్పి దాచిపెట్టకండి. కుదుపులు వచ్చే బిడ్డకు ఇటువంటి మచ్చలుంటే డాక్టరుకు తప్పక చూపండి. దాన్ని బట్టి మందు మారుతుంది.

ఈ మూర్ఛకు మామూలు ఫిట్స్ మందులు అంతగా పనిచేయవు. ఫినోబార్బిటోన్ మాత్రలు వేస్తూ నెలలు గడిపేయడం వలన చాలామంది పిల్లలకు విలువైన కాలం పోతోంది. దీనికి వాడేవి ఎ.సి.టి.హెచ్. అనే హార్మోను సూదిమందు, లేక ప్రెడ్నిసొలోన్ మాత్రలు, లేక విగాబాట్రిన్. ట్యూబరస్ స్క్లిరోసిస్ ఉన్న బిడ్డకు విగాబాట్రిన్ ముందుగా ఇస్తారు. ఆ వ్యాధి లేని 107 మంది పసిపిల్లలపై బ్రిటనులో జరిపిన పరిశీలన 2004లో వెలువడింది. రెండు వారాలు గడిచేసరికి హార్మోను వైద్యం పొందినవారిలో 73 శాతం మందికి, విగాబాట్రిన్ వాడినవారిలో 54 శాతం మందికి కుదుపులు ఆగాయి. ఆ పిల్లలనే నాలుగేళ్ళ ప్రాయంలో చూసి 2011లో మరో సంగతి ప్రకటించారు. వైద్యం మొదలు కావడానికి ఎన్నాళ్ళు ఆలస్యమైతే ఎదుగుదల అంతగా తగ్గింది. ఏడు రోజులలోపు మొదలైన వారికీ రెండు నెలలు దాటిన వారికీ తేడా కనబడింది.

ఈ మందులకు ఇబ్బందులు లేకపోలేదు. హార్మోను మందుతో రక్తపోటు పెరగవచ్చు, అంటువ్యాధులు తొందరగా సోకుతాయి. ఇంట్లో ఎవరికైనా క్షయ ఉంటే ముందే చెప్పాలి. టీకాలు ఎప్పుడు వేయించాలో డాక్టరునే అడగాలి. విగాబాట్రిన్ ఎక్కువ కాలం వాడితే చూపు పక్కలకు తగ్గే ప్రమాదం ఉంది. అయినా మందు మానేయడం జవాబు కాదు. ప్రెడ్నిసొలోన్ ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదికి వస్తుంది. క్రమంగానే తగ్గించాలి.

ఇక్కడే మన సంఘాలలో జరిగే ఒక పొరపాటు చెప్పాలి. స్వస్థత కూడికలో ప్రార్థన చేయించి, ఆ రాత్రి నుండే మాత్రలు పారవేసేవారున్నారు. మూర్ఛ అంటే దయ్యమేనని ఉపవాసం ఉండి బిడ్డను చేతులతో అదిమి పట్టుకునేవారూ ఉన్నారు. మత్తయి సువార్త నాలుగవ అధ్యాయం తీసి చూడండి. రోగులను ప్రభువు నొద్దకు తెచ్చిన సందర్భంలో దయ్యము పట్టినవారిని ఒకరుగా, చాంద్రరోగులను వేరొకరుగా సువార్తికుడు పేర్కొన్నాడు. చాంద్రరోగులంటే మూర్ఛ వచ్చేవారే. సువార్తికుడు వేరు చేసిన వాటిని మనం కలపడం ఎందుకు? ప్రార్థన చేయండి, మాత్ర కూడా వేయండి.

ఇక తల్లి మీద పడే నింద. గ్రహణం చూసిందని, కడుపుతో ఉండగా ఫలానిది తిన్నదని, పాపం చేసిందని అంటారు. లిస్1 లోపం చాలావరకు బిడ్డలోనే కొత్తగా పుట్టేది, తల్లిదండ్రులిద్దరిలోనూ ఉండదు. ట్యూబరస్ స్క్లిరోసిస్‌లో కూడా మూడింట రెండు వంతులు అంతే. మిగిలినవారిలో తల్లిదండ్రులలో ఒకరికి స్వల్పంగా ఉండి తెలియకపోవచ్చు. అటువంటప్పుడు ప్రతి కాన్పులోనూ సగానికి సగం అవకాశం ఉంటుంది. డబుల్‌కార్టిన్ సంగతి వేరు. ఆ లోపం ఉన్న తల్లికి చిన్నతనంలో ఏదో కాస్త ఫిట్స్ వచ్చి ఊరుకుని ఉండవచ్చు. ఆమెకు పుట్టే కుమారులలో మాత్రం తీవ్రంగా బయటపడుతుంది. మేనరికం వలన పెరిగే రకాలు కూడా కొన్ని ఉన్నాయి. మేనమామ, మేనబావ సంబంధాలలో ఇద్దరిలోనూ ఒకే దాగిన లోపం ఉంటే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు ప్రమాదం. ఏ రకమో తెలియకుండా రెండవ బిడ్డ విషయం తేల్చలేం. అందుకే బిడ్డ రక్త పరీక్ష కేవలం ఆ బిడ్డ కోసమే కాదు. హైదరాబాదులో నిమ్స్ ఆసుపత్రితో కలిసి డి.ఎన్.ఎ. పరీక్షా కేంద్రమైన సి.డి.ఎఫ్.డి. అరుదైన వ్యాధుల పని చేస్తోంది. నీలోఫర్ పిల్లల ఆసుపత్రి అక్కడే ఉంది. దక్షిణ జిల్లాలవారికి వేలూరు సి.ఎం.సి. దగ్గర. ఊరిలో అయితే అంగన్‌వాడీ కార్యకర్తను అడగండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా ఆసుపత్రులలో ఎదుగుదల వెనుకబడిన పిల్లలకు వేరే కేంద్రాలు ఏర్పరచారు.

నున్నని మెదడును ఏ మందూ మడతలు పెట్టలేదు. ఈ మాట చెప్పకుండా దాటవేయడం ఆ కుటుంబాలకు మేలు కాదు. తీవ్రంగా ఉన్న బిడ్డలు చాలామంది నడవరు, మాట్లాడరు. కొందరు చిన్న వయసులోనే దూరమవుతారు. వారి విషయంలో వైద్యం అంటే కుదుపులు తగ్గించడం, పాలు ఊపిరితిత్తుల్లోకి పోకుండా చూడడం. మన ఇళ్ళలో బిడ్డను కాళ్ళ మీద వెల్లకిలా పడుకోబెట్టి ఉగ్గుగిన్నెతో గొంతులో పోస్తారు. మింగడం సరిగా రాని బిడ్డకు అది ప్రమాదం. తల, వీపు పైకెత్తి ఒడిలో కూర్చోబెట్టి, చెంచాతో కొద్దికొద్దిగా పట్టండి. దగ్గు వస్తే ఆపండి. ట్యూబరస్ స్క్లిరోసిస్ బిడ్డలలో బడికి వెళ్ళి చదువుకునేవారు ఎందరో ఉన్నారు, వారికి వేళకు అందిన మందే ఆధారం.

నెలనెలా పట్నం వెళ్ళే కుటుంబానికి దారిఖర్చు కంటే ఇంటి దగ్గర మిగిలిన పిల్లలను చూసేవారు లేకపోవడమే బరువు. మన స్త్రీల సమాజం వారు వంతులు వేసుకుని ఆ రెండు రోజులు వారికి అన్నం పెట్టి బడికి పంపవచ్చు. ఆ తల్లి ఒక మాట గుర్తుంచుకోవాలి. కుదుపులు రోజుకు ఎన్ని వరుసలు వచ్చాయో కాలెండరు మీద గీతలు పెట్టండి. మందుల చీటీలు, ఈఈజీ కాగితాలు, ఎం.ఆర్.ఐ. ఫిల్ములు ఒకే సంచిలో ఉంచండి. పెద్దాసుపత్రిలో మొదట అడిగేవి అవే.