సైకిలు ప్రయాణమునకు ఇద్దరు సాక్షులు

ప్రయాణము చేసినవానికి దానిని గూర్చి పదిమందికి చెప్పవలెనను కోరిక సహజము. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830వ సంవత్సరమున చెన్నపట్టణము నుండి కాశికి బయలుదేరి, హైదరాబాదు మీదుగా పోవుచు, దారిలోని మజిలీలను, ఊళ్లను, చూచిన విశేషములను ఏనాటికానాడు వ్రాసియుంచినారు. ఆ వ్రాతయే 1838లో ‘కాశీయాత్ర చరిత్ర’ అను పేర అచ్చయినది. ఆయనకు సాధనము కలమొక్కటే. నేడు తెల్లవారుజామున సైకిలెక్కి గోలకొండ వరకు పోయివచ్చు విద్యార్థి ఛాతీకి ఒక చిన్న కెమెరా, జేబులో ఒక సెల్‌ఫోను ఉండును. అతడు ఒక్క అక్షరమైనను వ్రాయడు. అయినను ఇల్లు చేరునప్పటికి అతని ప్రయాణమంతయు క్షణక్షణము నమోదై యుండును.

ఈ నమోదు ఎట్లు జరుగును? దానిని ఎంతవరకు నమ్మవచ్చును? దానిని ఎవరికి చూపవచ్చును? ఈ మూడు ప్రశ్నలను విచారించుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

చక్రము లెక్క నుండి ఉపగ్రహము లెక్కకు

సైకిలు ప్రయాణమును కొలుచుట క్రొత్త విషయము కాదు. 1895లో అమెరికా దేశస్థుడగు కర్టిస్ వీడర్ ‘సైక్లోమీటరు’ అను చిన్న యంత్రమును నిర్మించెను. అది చక్రము ఎన్ని చుట్లు తిరిగినదో లెక్కించును. మన పెద్ద సైకిలు చక్రము ఒక్క చుట్టునకు రమారమి 2.2 మీటర్లు పోవును. అనగా సుమారు 450 చుట్లకు ఒక కిలోమీటరు. ఆ యంత్రము ఎంత దూరమో చెప్పగలదు కాని, ఏ దారిని పోయితిమో చెప్పలేదు.

ఆ లోపమును జి.పి.ఎస్. తీర్చినది. అమెరికా ప్రభుత్వము ఈ వ్యవస్థకు చెందిన తొలి ఉపగ్రహమును 1978లో ప్రయోగించినది. 1995 నాటికి వ్యవస్థ సంపూర్ణమైనది. సామాన్యులకు అందు సంకేతమును బుద్ధిపూర్వకముగా చెరుపు పద్ధతిని 2000వ సంవత్సరము మే నెలలో విరమించిన పిమ్మటనే అది సైకిలువానికి కూడ నిజముగా ఉపయోగపడసాగినది.

భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల యెత్తున తిరుగు ఈ ఉపగ్రహములలో పరమాణు గడియారములు కలవు. ప్రతి ఉపగ్రహమును తానున్న స్థానమును, తన గడియారములోని కాలమును ఎడతెగక ప్రసారము చేయుచుండును. ఆ సంకేతము ఎంత ఆలస్యముగా చేరినదో ఫోను గణించును. సంకేతము వేగము సెకనుకు సుమారు మూడు లక్షల కిలోమీటర్లు. ఆలస్యమును వేగముతో హెచ్చించిన దూరము వచ్చును. మూడు ఉపగ్రహముల దూరము తెలిసిన మన స్థానము తెలియవలెను. కాని ఫోనులోని గడియారము అంత నిక్కమైనది కాదు. దాని తప్పును దిద్దుటకు నాలుగవ ఉపగ్రహము కావలెను. సెకనులో పదిలక్షవ వంతు తప్పిన, దూరము 300 మీటర్లు తప్పును!

ఇందొక చిత్రము కలదు. ఐన్‌స్టైను సాపేక్ష సిద్ధాంతము ప్రకారము ఆ యెత్తున తిరుగు గడియారములు భూమి మీది గడియారములకంటె దినమునకు 38 మైక్రోసెకన్లు ముందునకు పోవును. దీనిని సరిచేయకున్న ఒక్క దినములో పది కిలోమీటర్లకు పైగా పొరపాటు పేరుకొనును. సైకిలువాని జేబులో ఐన్‌స్టైను పాఠము ప్రతి ఉదయము ఋజువగుచున్నదన్నమాట. మన దేశము సయితము ‘నావిక్’ అను స్వంత వ్యవస్థను ఏర్పరచుకొన్నది. దాని తొలి ఉపగ్రహము 2013 జులై 1వ తేదీన శ్రీహరికోట నుండి ఎగసినది.

మొదటి సాక్షి తడబాటు

ఆకాశము నిర్మలముగా కనబడు మైదానమున ఫోను మన స్థానమును సుమారు అయిదు మీటర్ల లోపు తేడాతో చెప్పగలదు. కాని చార్మినారు పరిసరముల ఇరుకు గల్లీలలో ప్రవేశించితిమా, సంకేతము ఎత్తయిన గోడలకు తగిలి ప్రతిధ్వని వలె ఆలస్యముగా చేరును. అప్పుడు పటము మీద మన దారి ఇండ్ల మధ్య నుండి దూసికొని పోయినట్లు కనబడును. ఒకచోట నిలబడి చాయ త్రాగుచున్నను ఆ చుక్క అటునిటు సంచరించి, పోని దూరమును లెక్కలో కలుపును. ఇందుకు విరుద్ధముగా, గంటకు 18 కిలోమీటర్ల వేగమున పోవువాడు సెకనుకు 5 మీటర్లు పోవును. ఫోను అయిదేసి సెకన్లకొక్కసారి మాత్రమే నమోదు చేసిన, చుక్కకు చుక్కకు నడుమ 25 మీటర్లుండును. ఆ నడుమ నున్న మలుపు తుడిచిపెట్టుకొని పోవును.

రెండవ సాక్షి దృష్టి

కెమెరాను హెల్మెటుకు పెట్టిన మనము చూచిన దిక్కును చూపును. హ్యాండిలుకు బిగించిన, గతుకుల రోడ్డున వణకును. ఛాతీకి కట్టిన కుదురుగా నుండి, మన చేతులను, బ్రేకును, రోడ్డును కలిపి చూపును. సాధారణముగా స్పష్టమైన చిత్రమునకు గంటకు 13, 14 గిగాబైట్ల స్థలము పట్టును. కావున 64 గిగాబైట్ల కార్డు నాలుగున్నర గంటలకు చాలును. బ్యాటరీ మాత్రము అంతసేపు నిలువదు.

ఈ కెమెరాల అద్దము విశాలమైన దృశ్యమును ఇముడ్చుకొనును. అందువలన మూరెడు దూరమున రాసుకొని పోయిన వాహనము బారెడు దూరమున పోయినట్లు అగపడును. ఇది గుర్తుంచుకొనదగిన సంగతి.

ఇద్దరి మాట ఒకటి కావలెను

‘ఎక్కడ’ అను దానిని ఫోను, ‘ఏమి’ అను దానిని కెమెరా చెప్పును. ఈ రెంటిని కలుపు దారము కాలము. కెమెరా గడియారము 40 సెకన్లు వెనుకబడిన, 18 కిలోమీటర్ల వేగమున 200 మీటర్లు తేడా వచ్చును. నాలుగు వీధుల కూడలిలో జరిగినది నడివీధిలో జరిగినట్లు తోచును. దీనికి ఉపాయము సులభము. బయలుదేరునప్పుడు ఫోను మీద సెకన్లతో కూడిన కాలమును కెమెరాకు ఒకసారి చూపవలెను. తరువాత ఆ దృశ్యమును చూచి తేడాను సరిచేసికొనవచ్చును.

మరియొక చిక్కు కలదు. ఫోను వ్రాయు జి.పి.ఎక్స్. ఫైలులో కాలము మన దేశ కాలము కాదు, ప్రపంచ కాలము. అది మనకంటె అయిదున్నర గంటలు వెనుక. దీనివలన కలిగిన ఒక ఇబ్బందిని నేను కన్నులార చూచితిని. ఒక వేసవి ఉదయము అయిదుగంటల ఇరువది నిమిషములకు మా మిత్రుని సైకిలును ఒక ఆటో తాకినది. అతడు పడి మోచేయి విరుగగొట్టుకొనెను. సాయంకాలము పేట పెద్దల యెదుట కంప్యూటరులో ఆ ఫైలును తెరువగా, అందు ముందుదినము రాత్రి 11 గంటల 50 నిమిషములని యుండెను. “ఇది నిన్నటి లెక్క, నేటిది కాదు గదా!” అని ఆటోవాడు నవ్వెను. అయిదున్నర గంటల సంగతి వివరించి ఒప్పించుటకు మాకు చాల సేపు పట్టినది.

పిమ్మట కెమెరా దృశ్యమును చూచితిమి. ఆటో వెనుకముందు చూడక మలుపు తిరిగిన మాట నిజమే. కాని మా మిత్రుడు దీపము లేకుండ, చేయి చూపకుండ రోడ్డు నడుమకు వచ్చిన సంగతి కూడ అందు స్పష్టముగా నుండెను. అతడు తల వంచుకొని, “భాయీ, తప్పు నాది కూడ” అనెను. ఆటోవాడు ఆసుపత్రి ఖర్చులో సగము తానే ఇచ్చెదననెను. నాడు నాకు తెలిసినది ఇది: ఈ సాక్షి యజమానుని ఉప్పు తిని అతని పక్షమున పలుకునది కాదు.

బ్రిటనులో ఉత్తర వేల్సు పోలీసులు 2016 నుండి ఇట్టి దృశ్యములను ప్రజల యొద్ద నుండి స్వీకరించుచున్నారు. మన దేశమున 2024 జులై 1వ తేదీ నుండి అమలులోనికి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమము 63వ విభాగము ప్రకారము ఎలక్ట్రానికు నమోదులను తగిన ధ్రువపత్రముతో న్యాయస్థానమున సాక్ష్యముగా చూపవచ్చును. అందుచేత అసలు ఫైలును కత్తిరింపక, దిద్దక, ఉన్నదున్నట్లు భద్రపరచవలెను.

చూచినదంతయు చూపదగినదా?

2017 నవంబరులో ‘స్ట్రావా’ సంస్థ ప్రపంచమందలి సైకిలువారు, పరుగెత్తువారు నమోదు చేసిన దారులన్నింటిని ఒక పటము మీద వెలుగు గీతలుగా ప్రకటించినది. ఎవరి పేరును అందు లేదు. అయినను 2018 జనవరిలో ఒక ఆస్ట్రేలియా విద్యార్థి ఆ పటమును పరిశీలించి, నిర్జన ప్రాంతములలోని సైనిక స్థావరములు వెలుగు గీతలతో బయటపడుచున్నవని లోకమునకు తెలియజేసెను. సైనికుల గుట్టే అట్లు బయటపడగా, ప్రతిదినము ఒకే గుమ్మము నుండి బయలుదేరి అదే గుమ్మమునకు చేరు విద్యార్థి లేక విద్యార్థిని గుట్టు దాగునా? ఆ గీత మొదలే ఇంటి చిరునామా. ఆ కాలమే ఇంటనుండని వేళ. కావున దారిని ఇతరులకు చూపుటకు ముందు దాని మొదటి, చివరి భాగములను మరుగుపరచవలెను.

కెమెరాకు చిక్కినవారి మాట ఏమి? కుళాయి వద్ద నిలిచిన స్త్రీలు, బడికి పోవు పిల్లలు, నమాజునకో గుడికో పోవు వృద్ధులు – వీరెవరును మనకు అనుమతి ఇచ్చినవారు కారు. 2017 ఆగస్టు 24న మన సుప్రీంకోర్టు తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని తీర్పు చెప్పినది. చట్టము మాట అటుంచి, ఉర్దూలో ‘అమానత్’ అను ఒక చక్కని మాట కలదు. ఒకరు నమ్మి మనవద్ద దాచిన సొత్తునకు ఆ పేరు. దానిని వాడుకొను హక్కు మనకు లేదు, కాపాడు బాధ్యతయే కలదు. బాటసారుల ముఖములు కూడ మనవద్ద నున్న అమానతే. అవసరము లేని దృశ్యమును చెరిపివేయుట, చూపవలసివచ్చినప్పుడు ముఖములను మసకపరచుట మన విధి.

వీరాస్వామయ్యగారు తాము చూచినదానిలో ఏది వ్రాయవలెనో, ఏది విడువవలెనో తామే నిర్ణయించుకొనిరి. మన పరికరములకు ఆ వివేకము లేదు. అవి అన్నింటిని చూచును, అన్నింటిని వ్రాయును. ఆ వివేకము సైకిలెక్కినవానికి ఉండవలెను.