ఱాయి చెప్పిన బదులు

ప్రదర్శనశాలలలో చిత్రముల చెంత పాటలు వినిపించు వాడుక నేడు ప్రబలియున్నది గనుక, సోవియట్ సంగీతకర్త ద్మీత్రి షొస్టకోవిచ్ గీతములకును శిల్పమునకును గల చెలిమినిగూర్చి గురువారము సాయంకాలములోపల ముఖచిత్రకథన మొకటి యిమ్మని సంపాదకులు సెలవిచ్చినప్పుడు, నాకు ఉత్సాహముకంటె అనుమానమే ముందు కలిగెను. చెవిలో పాట సాగుచుండగా కన్ను పటమును చూచునా, లేక పాట చూపినదానినే చూచునా యనునది నా పాతశంక. ఐనను షొస్టకోవిచ్ 1974లో శిల్పి మైకెలాంజిలో కవితలకు కూర్చిన గీతమాలికను విన్నపిదప, అందలి పదునొకండు పాటలలో ఒక్కదానియెడల ఆ శంక నిలువలేదు; ఏలయన అచ్చట శిల్పమునకు మాటను ముడివేసినవాడు శిల్పియే.

ఆ పాట పేరు ‘రాత్రి’. ఫ్లారెన్సులో సాన్ లొరెంజో దేవాలయము నంటియుండి, నేడు ప్రదర్శనశాలయైన మెడిచీ ప్రభువుల సమాధిమందిరమున, జులియానో సమాధిపై పాలరాతి స్త్రీమూర్తి యొకతె నిద్రించుచుండును. శిరమున చంద్రరేఖయు నక్షత్రమును, భుజముక్రింద కరాళమైన మొగముతొడుగు, పాదముకడ గసగసకాయల గుత్తి; మన యింటిచూరుపై వ్రాలినచో అపశకునమని తఱిమివేయు గుడ్లగూబ ఆమె ముడిచిన మోకాలినీడను నిశ్చింతగా నిలిచియున్నది. 1545 ప్రాంతమున జొవాన్ని స్ట్రోజ్జి యను ఫ్లారెన్సువాసి యీ మూర్తిని మెచ్చి, ఈమె నిద్రించుచున్నది గనుక ప్రాణము గలదియే, నమ్మనివారు లేపిచూడవచ్చునను భావముతో నాలుగు పంక్తుల కవిత వ్రాసెను. మర్యాదయెఱిగిన పొగడ్తయే. కాని దానిని విని మురియవలసిన శిల్పి యెవడు? 1529లో, మెడిచీల నెదిరించిన గణరాజ్యపక్షమున ఫ్లారెన్సు కోటగోడలను బలపఱచినవాడు; మఱుసటియేట ఆ గణరాజ్యము కూలగా, 1534లో విగ్రహములను నెలవుల నిలుపకయే రోమునకు తరలి, మరల ప్రాణములతో స్వస్థలమునకు రానివాడు. అట్టివాడు తన పేర బదులీయక ఆ రాతిస్త్రీ నోటనే పలికించెను. దేశమునకు చేటును సిగ్గును తప్పని కాలమున నిద్రయు ఱాయియగుటయు తనకు భాగ్యములేయనియు, తన్ను లేపవలదనియు ఆమె మాటల సారము. ఈ పొగడ్తను, ఈ తిరస్కారమును షొస్టకోవిచ్ ఒకే గాయకుని కంఠమున నుంచి తొమ్మిదవ పాటగా తీర్చెను. మెచ్చుకోలునకు పొంగక దొరతనమును దెప్పిన యీ చిన్న ప్రత్యుత్తరము నెదుట సిస్టైన్ కప్పుచిత్రము సైతము నాకు కొంత ఆడంబరముగా తోచినదన్నచో, పెద్దలు కోపింతురు గాక.

తక్కిన చరిత్రను త్వరగా ముగింతును. మైకెలాంజిలో పంచశతజయంతి 1975లో. గీతమాలికను 1974 డిసెంబరు 23న లెనిన్‌గ్రాడులో యెవ్గేని నెస్తెరెంకో తొలిసారి పాడెను, పియానోపై షెందెరోవిచ్. పిదప వాద్యబృందమునకు మార్చిన రూపము, 1975 ఆగస్టు 9న కర్త మరణించిన తరువాత, అక్టోబరులో వినబడెను. మైకెలాంజిలో తన పద్యములకు పేర్లు పెట్టలేదు. ‘సత్యము’, ‘క్రోధము’, ‘మృత్యువు’ మొదలగు శీర్షికలు సంగీతకర్తవే. డాంటే దేశబహిష్కారమును తలచు రెండు పాటలు వరుసగా వచ్చును. రచయిత సోల్జెనిత్సిన్‌ను దేశమునుండి వెడలగొట్టినది 1974 ఫిబ్రవరిలోనే. అంతకు కొన్ని నెలలముందు, 1973లో, అసమ్మతివాదియైన శాస్త్రజ్ఞుడు సఖరోవ్‌ను నిందించు లేఖపై షొస్టకోవిచ్ పేరు ప్రావ్దాలో అచ్చైనది. ఈ పాటలతో ఆ లేఖను కడిగివేయజూచుట నాకు సమ్మతము గాదు. రెండును ఒకే మనిషివి. ఇక ‘సృష్టి’ యను పాటలో పియానో సుత్తిదెబ్బలుగా మ్రోగుచుండ, దానిప్రక్క విగ్రహము నిలుపుట వృథాశ్రమ.

పెట్టెలోనికి చేరినవి

సమాధిమందిరము క్రింద నొక యిఱుకుగది, గోడలనిండ బొగ్గుగీతలతో, 1975 నవంబరులో బయటపడెను. అవి మైకెలాంజిలోవే యని కొందఱు, అన్నియు కావని కొందఱు. 2023 నవంబరునుండి కొద్దిమంది చొప్పున లోనికి విడువసాగిరి.

కడపటి పాట ‘అమరత్వము’నకు షొస్టకోవిచ్ పసితనమున తానే కట్టిన తుళ్ళిపడు బాణీని వాడెను. దాని పద్యములు 1544లో చిన్నవయస్సుననే గతించిన చెక్కీనో బ్రాచ్చికై వ్రాసిన స్మృతిపద్యములు. ఆ బాలుని బంధువు లూయిజీ దెల్ రిచ్చో కోరగా మైకెలాంజిలో అట్టివి సుమారు ఏబది వ్రాసి పంపుచు, కొన్నింటిక్రింద ఇది మీరంపిన ఉప్పు పుట్టగొడుగులకు, ఇది చేపలకు అని చెల్లుచీటివలె గుర్తుపెట్టెను. ప్రదర్శనశాలవారు గోడలపై ఏమి వ్రాయింతురో గాని, నేనైతే ముందుగా ఆ పుట్టగొడుగుల పద్దునే వ్రాయింతును.