హైబ్రిడ్ కారు బెల్ట్: పగుళ్లు లేకపోతే బాగున్నట్టేనా?

ఈ ఎపిసోడ్ మొత్తం ఒక్క రబ్బరు బెల్ట్ గురించే. నవ్వకండి. ఆ బెల్ట్ వల్లే పోయిన వేసవిలో మా అమ్మానాన్నలు నకిరేకల్ దాటాక హైవే పక్కన రెండు గంటలు ఎండలో నిలబడ్డారు.

హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్తుంటే డ్యాష్‌బోర్డ్ మీద ఎర్రటి బ్యాటరీ లైట్ వెలిగింది. నాన్న కారు పక్కన ఆపి నాకు ఫోన్ చేశారు. ఏసీ కూడా వేడిగాలి కొడుతోందని అమ్మ వెనకనుంచి అంటూనే ఉంది. నేను బీటెక్ చదివి, సాఫ్ట్‌వేర్‌లో పనిచేసినవాణ్ణి కదా, "ఏం కాదు నాన్నా, హైబ్రిడ్ కదా, బ్యాటరీ మీద లాగించేస్తుంది, సూర్యాపేట దాకా వెళ్లిపోండి" అన్నాను. నాలుగైదు నిమిషాలకే మళ్లీ ఫోన్. ఈసారి టెంపరేచర్ లైట్. నాన్న వెంటనే ఇంజన్ ఆపేశారు కాబట్టి హెడ్ గ్యాస్కెట్ మిగిలింది. నా సలహా పూర్తిగా వినుంటే అదీ పోయేది.

నేను చేసిన తప్పేంటంటే, అన్ని హైబ్రిడ్‌లూ ఒకటే అనుకోవడం. టొయోటా ప్రియస్ మూడో తరం తీసుకోండి, అందులో బయట తిరిగే బెల్టే లేదు. వాటర్ పంప్, ఏసీ కంప్రెసర్ రెండూ కరెంటుతో తిరుగుతాయి. మా కారు మైల్డ్ హైబ్రిడ్. మారుతి వాళ్ల ఎస్‌హెచ్‌వీఎస్ పేరు వినుంటారు, 2015లో సియాజ్‌తో వచ్చింది, ఆ రకం అన్నమాట. వీటిలో ఆల్టర్నేటర్ స్థానంలో ఐఎస్‌జీ అనే మోటార్ ఉంటుంది, అది ఇంజన్‌కి బెల్ట్‌తోనే కలిసి ఉంటుంది. ఇంజన్ లేకుండా ఆ బ్యాటరీ మీద కారు నడవదు. మా ఇంజన్‌లో వాటర్ పంపూ, ఏసీ కంప్రెసరూ అదే బెల్ట్ మీద ఉన్నాయి. బెల్ట్ పోయిందంటే ఛార్జింగ్, ఏసీ, కూలింగ్ అన్నీ ఒకేసారి పోయినట్టే.

మామూలు కారులో బెల్ట్‌ని ఎప్పుడూ ఇంజనే లాగుతుంది. ఇక్కడ అలా కాదు. ఛార్జింగ్ అవుతున్నప్పుడు ఇంజన్ ఐఎస్‌జీని లాగుతుంది. సిగ్నల్ దగ్గర ఆగిన ఇంజన్ మళ్లీ స్టార్ట్ కావాలంటే ఐఎస్‌జీ ఇంజన్‌ని లాగాలి. అంటే బెల్ట్‌లో ఇప్పటిదాకా బిగువుగా ఉన్న వైపు ఒక్క క్షణంలో వదులవుతుంది, వదులుగా ఉన్నది బిగుస్తుంది. అందుకే టెన్షనర్ రెండు వైపులా పనిచేసేలా పెడతారు. మన సిటీ ట్రాఫిక్‌లో ఆఫీసుకెళ్లి వచ్చేలోపు ఇది ఎన్నిసార్లు జరుగుతుందో మీరే లెక్కేసుకోండి.

అంతకుముందు సర్వీస్‌లో బెల్ట్ చూశారు. "పగుళ్లు లేవు సార్, బాగుంది" అన్నారు. నేనూ పక్కనే నిలబడి తలూపాను. పాతకాలపు నియోప్రీన్ బెల్ట్‌లకి ఆ మాట సరిపోయేది. ఇప్పుడు వచ్చేవి ఈపీడీఎం రబ్బరు. అది పగలడం తక్కువ, టైరులాగా అరిగిపోతుంది. గాళ్లు వెడల్పై, బెల్ట్ పుల్లీలోకి లోతుగా దిగి జారుతుంది. కంటికి మాత్రం కొత్తదానిలాగే కనిపిస్తుంది. గాడిలో పెట్టి చూసే చిన్న ప్లాస్టిక్ గేజ్‌లు దొరుకుతాయి, దాంతో చూడమనండి. అంచు పోగులు లేచినా, గాళ్లు అద్దంలా మెరుస్తున్నా మార్చేయడమే. సిగ్నల్ దగ్గర రీస్టార్ట్ అయ్యేటప్పుడు కీచుమని అరిచినా అనుమానించాలి. మాది నెలరోజులు అరిచింది. నేను పాటల సౌండ్ పెంచాను, అంతే.

మార్చేటప్పుడు ముందు ఇగ్నిషన్ ఆఫ్ చేసి, తాళం దూరంగా పెట్టి, బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ తీసేయండి. ఐడిల్ స్టాప్‌లో ఉన్న ఇంజన్ నిశ్శబ్దంగా ఉంటుంది కానీ దానంతటదే స్టార్ట్ కాగలదు, అప్పుడు వేళ్లు అక్కడుంటే అంతే సంగతులు. బెల్ట్ తీసేముందు ఏ పుల్లీ మీదుగా ఎలా వెళ్తుందో ఫోటో తీసుకోండి. టెన్షనర్‌ని స్పానర్‌తో తిప్పి, దానికి పిన్ను పెట్టే రంధ్రం ఉంటే పిన్ను పెట్టి, బెల్ట్ జార్చేయాలి.

ఇక్కడ తొందరపడొద్దు. బెల్ట్ లేనప్పుడు ఒక్కో పుల్లీనీ చేత్తో తిప్పండి. గరగరమన్నా, అటూ ఇటూ ఊగినా బేరింగ్ పోయినట్టే. మాకు అసలు దొంగ అక్కడే దొరికింది, టెన్షనర్ పుల్లీ ఇసుక పోసినట్టు తిరిగింది. అది మార్చకుండా కొత్త బెల్ట్ వేసుంటే అదీ త్వరగానే చిరిగిపోయేది.

కొత్తది కొనేటప్పుడు సైజు కలిస్తే చాలనుకోకండి. 6పీకే1200 అంటే ఆరు గాళ్లు, 1200 మిల్లీమీటర్ల పొడవు, అంతే. అది ఐఎస్‌జీ లాగుడుకి తట్టుకునే బెల్టో కాదో ఆ అంకెలు చెప్పవు. మీ మోడల్ పార్ట్ నంబర్ అడిగి తీసుకోండి.

వేశాక ప్రతి గాడీ పుల్లీలో సరిగ్గా కూర్చుందా అని వేలితో తడిమి చూసి, అప్పుడే టెర్మినల్ బిగించండి. చున్నీలు, వదులు చేతుల చొక్కాలు దూరంగా ఉంచి స్టార్ట్ చేయండి. కీచుమంటే తిరుగుతున్న బెల్ట్ గాళ్ల మీద దూరం నుంచే కొంచెం నీళ్లు స్ప్రే చేయండి. చప్పుడు పెరిగితే బిగువు చాలట్లేదు, కాసేపు ఆగి మళ్లీ వస్తే ఏదో పుల్లీ వరస తప్పింది. ఐడిల్‌లో బాగుందని బానెట్ మూసేయకండి. ఇంజన్ వేడెక్కాక రోడ్డు మీదకి తీసుకెళ్లి, ఓ పదిసార్లు ఐడిల్ స్టాప్ అయి రీస్టార్ట్ అయ్యేదాకా పాటలు ఆపేసి వినండి.