దీపస్తంభం నీడన ఒక పూట

సముద్రానికి వెళ్దామంటే చాలు, పిల్లలు ఎగిరి గంతేస్తారు. మరి అమ్మ? తెల్లారుజామునే లేచి పులిహోర కలపాలి. మంచినీళ్లు, తువ్వాళ్లు, మార్చుకునే బట్టలు సర్దాలి. తీరా అక్కడికెళ్లాక అందరి చెప్పులకూ కాపలా కూర్చోవాలి. ఇంటికొచ్చాక ఇసుక బట్టలు ఉతకాలి. "సముద్రం ఎలా ఉంది వదినా?" అని పక్కింటావిడ అడిగితే ఏం చెబుతుంది పాపం! ఈసారి అలా కాకుండా మీరూ కళ్లారా చూసి రండి. అందుకు భీమిలి చక్కని చోటు.

విశాఖపట్నం నుంచి తీరం వెంబడే సుమారు పాతిక కిలోమీటర్లు వెళితే భీమునిపట్నం వస్తుంది. అందరూ ముద్దుగా పిలిచే పేరు భీమిలి. బీచ్ రోడ్డు మీదుగా వెళ్లే బస్సెక్కి, కుడివైపు కిటికీ పక్కన సీటు పట్టుకోండి. దారి పొడవునా సముద్రం మీతోనే వస్తుంది.

మెరుపే గుర్తు

అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహలను తాకి వచ్చే గోస్తని నది ఇక్కడే సముద్రంలో కలుస్తుంది. ఊళ్లో తెల్లటి పాత లైట్‌హౌస్ ఉంది. పెద్ద ఎత్తేమీ కాదు. కానీ ఓడలు వచ్చిపోయిన రోజులకు అది గుర్తు. 17వ శతాబ్దంలో డచ్చివారు బట్టల వ్యాపారం కోసం ఈ రేవుకి వచ్చారు. 1825లో ఊరు ఇంగ్లీషువారి చేతికి వెళ్లింది. 1861 నాటికే మునిసిపాలిటీ అయిన ఊరిది! 1933లో విశాఖ రేవు తెరిచాక పెద్ద ఓడలన్నీ అటే వెళ్లాయి. డచ్చివారి పాత సమాధులు మాత్రం ఇక్కడే ఉండిపోయాయి.

లైట్‌హౌస్‌ల గురించి పిల్లలకు ఒక ముచ్చట చెప్పండి. అన్ని దీపాలూ ఒకేలా వెలగవు. ఎన్ని క్షణాలకోసారి, ఎన్నిసార్లు మెరవాలన్నది ఒక్కోదానికి ఒక్కో లెక్క. చీకట్లో ఆ మెరుపులు లెక్కపెట్టి, తానే ఊరి దగ్గరున్నాడో నావికుడు తెలుసుకుంటాడు. స్కూటరు చప్పుడును బట్టి వచ్చింది మన ఇంటాయనేనని పోల్చుకోమూ? అలాగన్నమాట!

చందమామ కూడా సముద్రంలోంచే

మన తీరంలో సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు, కొండల వెనక్కి దిగిపోతాడు. కాబట్టి వేకువనే వెళ్లగలిగితే ఆ అందం వేరు. వీలుకాదా? పున్నమినాటి సాయంత్రం వెళ్లండి. వెనక సూర్యుడు కుంకుతుంటే, ఎదురుగా నీళ్లలోంచి చందమామ ఎర్రగా, పళ్లెమంత పైకి వస్తాడు. ఖర్చులేని సంబరం అంటే ఇదే. మధ్యాహ్నం వీచే చల్లగాలికీ కారణముంది. ఎండకు నేల త్వరగా వేడెక్కి, దాని మీది గాలి పైకి లేస్తుంది. ఆ ఖాళీలోకి సముద్రం మీది చల్లగాలి వస్తుంది.

ఎర్రమట్టి దిబ్బలు

దారిలోనే ఎర్రమట్టి దిబ్బలు కనిపిస్తాయి. వేల ఏళ్లపాటు గాలి, నీరు పోగుచేసిన ఇసుక అది. అందులోని ఇనుము తుప్పు పట్టినట్టు మారి ఆ ఎర్రరంగు వచ్చింది. ఇలాంటివి మళ్లీ తమిళనాడులో, శ్రీలంకలో ఉన్నాయి. 2014లో దీన్ని భౌగోళిక వారసత్వ ప్రదేశంగా గుర్తించారు. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలోనూ చేరింది.

పేరు వచ్చినంత మాత్రాన భద్రంగా ఉన్నట్టు కాదు. 2024లో ఇక్కడ యంత్రాలతో తవ్వుతున్నారంటూ పెద్ద గొడవే అయింది. ఇది గట్టి రాయి కాదు, ఇసుక. ఒకసారి చదును చేస్తే మళ్లీ మనుమలకు చూపించలేం. పిల్లలు గట్ల మీంచి జారుతుంటే వారించండి. మట్టి మూటగట్టి తెచ్చుకోవద్దు.

ఇవి గుర్తుంచుకోండి

* నది సముద్రంలో కలిసే చోట ప్రవాహం లోపలికి లాగేస్తుంది. అక్కడ దిగనివ్వకండి. మిగతాచోట్ల కూడా కాళ్లు తడుపుకోవడంతో సరిపెట్టండి. పండుగ స్నానాలప్పుడు మరీ జాగ్రత్త.

* అక్టోబరు, నవంబరుల్లో తుపాను హెచ్చరిక ఉంటే ప్రయాణం మానుకోండి. 2014 అక్టోబరులో వచ్చిన హుద్‌హుద్‌ను ఈ తీరం మరిచిపోలేదు.

* చలికాలం చివర్లో సముద్రపు తాబేళ్లు ఒడ్డుకొచ్చి ఇసుకలో గుడ్లు పెడతాయి. కనిపిస్తే తాకకండి, టార్చిలైట్లు వేయకండి.

* ప్లాస్టిక్ కవర్లు వెనక్కి తెచ్చేయండి.

* చివరిది, అసలైనది: వంట ఒక్కరే చేయకండి. ఇంటికొకరు ఒక్కో పదార్థం తెస్తే సరి. పిల్లల కాపలా మగవాళ్లకు ఓ గంట అప్పగించండి. ఆ గంటా మాత్రం ఎవరికీ ఏమీ అందించకుండా, ఇసుకలో హాయిగా కూర్చుని కెరటాలు చూడండి. అది మీ గంట.