ఆకాశవాణి నుంచి వెండితెర దాకా: గొల్లపూడి మారుతీరావు ప్రస్థానంలో రేడియో పాత్ర

1. ప్రవేశిక

గొల్లపూడి మారుతీరావు (1939–2019) పేరు వినగానే స్ఫురించేది సినిమా నటుడు. ఆ తరువాత నాటకకర్త, ‘జీవనకాలమ్’ శీర్షికా రచయిత. ఆయన సుమారు ఇరవై ఏళ్లు ఆకాశవాణిలో పనిచేశారన్న సంగతి జీవిత సంగ్రహాలలో తరచూ ఒక్క వాక్యంతో సరిపోతుంది. నాటకంలోనూ, సినిమా సంభాషణలోనూ, నటనలోనూ కనిపించే ఆయన మాటతీరుకు ఆ ఇరవై ఏళ్లే సాన పట్టాయని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

2. ఉద్యోగ పర్వం

మారుతీరావు విజయనగరంలో జన్మించారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణిత భౌతికశాస్త్రం చదివారు. తొలి కథ ‘ఆశాజీవి’ 1954 డిసెంబరు 9న ప్రొద్దుటూరు నుంచి వెలువడే ‘రేనాడు’ పత్రికలో అచ్చయింది. ఉత్తరాంధ్ర యువకుని మొదటి కథకు కడప జిల్లా పత్రిక చోటివ్వడం, దశాబ్దాల తరువాత అదే జిల్లాకు ఆయన రేడియో అధికారిగా రావడం యాదృచ్ఛికమే అయినా ఈ ప్రాంత పరిశోధకులు గుర్తుంచుకోదగిన విషయం. 1959లో ఆంధ్రప్రభలో ఉపసంపాదకులుగా చేరి కొంతకాలం చిత్తూరులో పనిచేశారు. తరువాత ఆకాశవాణిలో ట్రాన్స్‌మిషన్ ఎగ్జిక్యూటివ్‌గా హైదరాబాదు, విజయవాడ కేంద్రాలలోనూ, పదోన్నతిపై సంబల్‌పూర్, మద్రాసు, కడప కేంద్రాలలోనూ పనిచేసి, సహాయ కేంద్ర సంచాలకుని హోదాలో ఉద్యోగం విరమించారు.

ట్రాన్స్‌మిషన్ ఎగ్జిక్యూటివ్ బాధ్యత బయటివారికి గుమాస్తా పనిలా కనిపించవచ్చు. నిజానికది కాలాన్ని కాపలా కాసే పని. ఏ కార్యక్రమం ఏ క్షణాన మొదలై ఏ క్షణాన ముగియాలో చూడాలి. ప్రసంగం ముందే ముగిస్తే ఆ ఖాళీని సంగీతంతో నింపాలి. జరిగిన ప్రతి లోపాన్నీ పుస్తకంలో నమోదు చేయాలి. పదిహేను నిమిషాల ప్రసంగం పదహారో నిమిషంలోకి జారడానికి వీల్లేదు. ఎక్కడ ఆపాలో తెలియడం రచయితకు ఎంత అవసరమో చెప్పనక్కరలేదు.

ఇక్కడ బ్రిటిష్ రేడియోతో పోలిక ఉపకరిస్తుంది. కెన్నీ ఎవరెట్ వంటి వ్యాఖ్యాత సముద్రంపై ఓడ నుంచి నడిచిన అనధికార రేడియోలో పేరు తెచ్చుకొని, 1967లో బీబీసీ రేడియో 1లో చేరి, 1978 నుంచి తన పేరే శీర్షికగా టెలివిజన్ హాస్య కార్యక్రమం నడిపారు. అక్కడ వ్యాఖ్యాత వ్యక్తిత్వమే సరుకు. ఆకాశవాణి ఉద్యోగి పరిస్థితి వేరు. అతను ముందుగా ప్రభుత్వోద్యోగి. వినిపించే గొంతు కేంద్రానిది. గొల్లపూడి ముఖం జనానికి పరిచయమయ్యే నాటికి ఆయన వయసు నలభై దాటడానికి ఇది కూడా ఒక కారణమని నా అభిప్రాయం.

3. చెవికోసం రాయడం

రంగస్థలం మీద మౌనంగా నిలబడిన పాత్ర కూడా ప్రేక్షకునికి కనిపిస్తూనే ఉంటుంది. రేడియో నాటకంలో మాట్లాడని పాత్ర లేనట్టే. అందువల్ల రచయిత సంబోధనల ద్వారా ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో తెలియజేయాలి. ప్రతి పాత్రకూ విడి పలుకుబడి ఇవ్వాలి. అడుగుల చప్పుడుతో, తలుపు కిర్రుమన్న శబ్దంతో స్థలాన్ని కల్పించాలి. వాక్యం ఒక్క ఊపిరిలో పలకగలిగేంతే ఉండాలి.

ఈ దృష్టితో ‘కళ్ళు’ నాటకాన్ని మళ్లీ చదవాలి. అంధులైన భిక్షకుల బృందంలో ఒకరికి చూపు వస్తే మిగిలినవారితో అతని బంధం ఏమవుతుందన్నది దాని ఇతివృత్తం. ఇది రేడియో నాటకమని నేననడం లేదు; రంగస్థలానికి రాసినదే, 1988లో ఎం.వి. రఘు దర్శకత్వంలో సినిమాగానూ వచ్చింది. అయితే ఆ పాత్రలు మనిషిని గొంతును బట్టే గుర్తుపడతాయి. శ్రోతది కూడా అదే స్థితి. కంటికి కనిపించని లోకాన్ని మాటతో నిలబెట్టడమే వృత్తిగా ఉన్న రచయిత ఈ వస్తువును ఎన్నుకోవడాన్ని విమర్శ పట్టించుకోవలసి ఉంది.

4. తెర మీది గొంతు

సినిమా రచన ఉద్యోగకాలంలోనే సాగింది. కోడూరి కౌసల్యాదేవి ‘చక్రభ్రమణం’ నవల ఆధారంగా ఆదుర్తి సుబ్బారావు తీసిన ‘డాక్టర్ చక్రవర్తి’ (1964) ఆయన తొలి చిత్రం. నటుడిగా ప్రవేశం మాత్రం 1982లో, ‘ఇంట్లో రామయ్య వీధిలో కృష్ణయ్య’తో. ఆ చిత్రంలో ఆయన ప్రతినాయకుడు అరవడు, కండబలం చూపడు. మెత్తగా, నింపాదిగా, కీలకమైన పదానికి ముందు రవ్వంత ఆగి మాట్లాడతాడు. ఆ విరామం మైక్రోఫోను నేర్పినదే. గొంతు పెంచకుండా శ్రోతను పట్టి ఉంచడం రేడియో వ్యాఖ్యాతకు మొదటి పాఠం. తరువాత ‘ప్రజావేదిక’, ‘మనసున మనసై’ వంటి టెలివిజన్ కార్యక్రమాలకు వ్యాఖ్యాతగా కుదురుకోవడంలో ఆయనకు ఇబ్బంది కలగకపోవడం సహజం.

5. ఆధారాల సమస్య

ఈ ప్రతిపాదనను పూర్తిగా నిరూపించాలంటే ప్రసారమైన ధ్వని కావాలి. చిక్కు అక్కడే ఉంది. అయస్కాంత టేపులను చెరిపి మళ్లీ వాడుకోవడం ఆనాటి రేడియో కేంద్రాలలో మామూలు. అచ్చయిన నాటకం మిగిలింది. దాన్ని పలికిన తీరు చాలావరకు పోయింది. ఆయన ఆత్మకథ ‘అమ్మ కడుపు చల్లగా’ ఒక ఆధారమే గాని, అది రచయిత వైపు నుంచి చెప్పినది. శ్రోతల సాక్ష్యం ఇంకా ఎవరూ కూర్చవలసినంతగా కూర్చలేదు. 1963లో మొదలైన కడప కేంద్రం ప్రసారాలను ఎర్రగుంట్ల, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు ఊళ్లలో విన్న తరం ఇప్పుడు డెబ్బై దాటింది. వారిని కలిసి, ఏ నాటకం విన్నారు, ఎవరి గొంతు గుర్తుంది, ఆ రోజుల్లో రేడియో ఎవరి ఇంట్లో ఉండేది అని అడిగి నమోదు చేసే పనిని ఏ పిహెచ్.డి. విద్యార్థి అయినా ఈ వేసవిలోనే మొదలుపెట్టవచ్చు.